స్టోయాన్ సారు పోసే రకియా

ఇంజనీరు స్టోయాన్ సారుకు నీళ్ళు తాగితే మత్తెక్కుతుంది. మామూలు నీళ్ళే, క్యాంపులో అందరికీ వచ్చే క్యాన్ నీళ్ళు. సాయంత్రం కాగానే వాటిని చిన్న గాజు గ్లాసుల్లో పోసి, "ఇది రకియా" అంటాడు. రకియా అంటే ఆయన దేశం బల్గేరియాలో పళ్ళతో ఇంట్లోనే కాచే సారా. సౌదీలో దాని చుక్క దొరికినా జైలే. అందుకని సారు చుక్క వదిలేసి తక్కిన తతంగమంతా వెంట తెచ్చుకున్నాడు.

ఆ తతంగానికి బలైనవాడు లింబాద్రి. జగిత్యాల వైపు మనిషి. రాబిగ్ రిఫైనరీ క్యాంపులో ఇంజనీర్ల గదులు ఊడుస్తాడు. కంపెనీ మూతపడేలా ఉంది, దేశం దాటి ఇంటికి పోనిచ్చే ఎగ్జిట్ స్టాంపు పడటం లేదు. ఆ స్టాంపు కోసం చూస్తుండగానే ఊళ్ళో తల్లి పోయింది. పాడె లేవడం ఫోనులో చూశాడు. అప్పటినుంచి బతుకు మీద ఆశ చచ్చిపోయింది. పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజు కాగానే, తోటి పనివాడు మల్లేశం నీళ్ళట్యాంకు వెనక దొంగసారా సీసా తెరిచేవాడు. లింబాద్రికి లోకంలో మిగిలింది ఆ సీసా ఒక్కటే. పోలీసులకు దొరికితే ఇక ఇంటి మొహం చూసేది లేదని తెలుసు. తెలిసే తాగేవాడు.

సరిగ్గా ఆ వేళకే సారుకు రకియా గుర్తొచ్చేది.

"లింబాద్రీ, కూర్చో!" ఇద్దరి మధ్యా నడిచేది విరిగిన హిందీ.

"పనుంది సార్."

"ఒంటరిగా తాగితే పాపం. నా కళ్ళలోకి చూస్తూ మా చీర్స్ చెప్పు. నజ్‌ద్రావే!"

"సార్, ఇవి నీళ్ళు."

"ఇది ప్లమ్. నిన్నటిది ఆప్రికాట్. నాలుక తేడా చెప్పట్లేదూ?"

లింబాద్రి నాలుక ఏమీ చెప్పలేదు. పక్కనే సలాడ్: టమాటా, కీర, ఉల్లి, పైన గుట్టలా తెల్లటి చీజ్ కోరు. సలాడ్ అయ్యేదాకా గ్లాసు ఖాళీ కాకూడదు, గ్లాసు అయ్యేదాకా సలాడ్ ఆపకూడదు. ఈ రెండింటి మధ్య చిక్కినవాడు లేచేదెప్పుడు?

ఎదురుగా టీవీలో బల్గేరియా వార్తలు. ఎప్పుడు చూసినా ఒక వంతెన కూలుతుంది. "దొంగలు! కాంట్రాక్టర్లంతా దొంగలు!" అని సారు రోజూ కొత్తగా మండిపడతాడు. రోజూ వంతెన కూలి, జూలైలో కూడా మంచు కురిసే దేశంలో జనం ఎలా బతుకుతున్నారో అని లింబాద్రి జాలిపడేవాడు. ఆయన వదిలేసరికి ట్యాంకు వెనక సీసా ఖాళీ.

"పిచ్చి లేసిందానే గా ముసలాయనకు?" అనేవాడు మల్లేశం.

"లేసింది. నాగ్గూడ లేపుతుండు."

ఒకనాడు ఎగ్జిట్ ఈ నెల కూడా లేదని కబురొచ్చింది. ఇవాళ ఎవరేమన్నా సరే, సీసా అడుగు చూడాల్సిందేనని లింబాద్రి తీర్మానించుకున్నాడు. ఆ కసితోనే సారు గదిలో టీవీ తుడిచాడు. గుడ్డకు ఏదో తగిలి, వార్తలు చదివే ఆమె మాట మధ్యలో మాయమైంది. చేతిలో పెన్‌డ్రైవ్.

"సార్! వార్తలు ఊడి చేతికొచ్చినయ్!"

సారు చెవులదాకా ఎర్రబడ్డాడు. అందులో ఉన్నవి ఎప్పటివో పాత వార్తలు.

"మా అసలు వార్తలు ఇంకా ఆలస్యంగా వస్తాయి" అని గొణిగాడు. "అప్పటికి ట్యాంకు వెనక సీసా అయిపోతుంది. నువ్వూ అయిపోతావు. అందుకే వార్తలను ముందుకు జరిపాను."

"మరి ఈ రకియా?"

"నాకది పడదయ్యా. ఇంట్లో మా ఆవిడ తాగేది, నేను సలాడ్ తరిగేవాణ్ణి."

లింబాద్రికి నవ్వొచ్చింది. తల్లి పోయాక అదే మొదటిసారి కాబట్టి మొహం కాస్త మొరాయించింది కూడా. గుట్టు బయటపడ్డాక ఇంకెందుకని సారు గ్లాసులు తీయబోయాడు. లింబాద్రి ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, మల్లేశానికి ఫోన్ చేసి అర్జెంటుగా రమ్మన్నాడు.

మల్లేశం వచ్చి కూర్చున్నాడు. ఒక గుక్క చప్పరించి మొహం చిట్లించాడు.

"లింబన్నా, గివి నీళ్లే గదనే!"

"నోర్మూయ్" అన్నాడు లింబాద్రి. "మెల్లగ తాగు. ప్లమ్ పండ్లది, ఘాటెక్కువ."