బొట్టు పెట్టిన పెన్‌డ్రైవ్

రాజోలు అవతల ఆ పల్లెలోకి ఏ యంత్రం వచ్చినా ముందు కుమారస్వామి గారి చేతుల మీదుగానే వచ్చింది. ఆయన చదివింది ఊరి బళ్ళో ఎనిమిదో తరగతి వరకే. అయితేనేం? పడవ మీద ఆయిలింజను దాటించి లంక పొలాలకు నీరు పెట్టించింది ఆయన. ఊరికి తొలి టెలిఫోను బూత్ తెచ్చింది ఆయన. ఇద్దరు మెకానిక్కులు చేతులెత్తేసిన పీచుమిల్లు మోటారును తిప్పించిందీ ఆయనే. డెబ్బై దాటాక కంప్యూటరు కొని తెలుగు టైపు నేర్చారు. ఈ వరసంతా ఎవరూ అడగక్కర్లేదు. కాఫీ చల్లారేలోగా ఆయనే చెప్పేస్తారు.

ఆ కంప్యూటరులో అన్నిటికన్నా విలువైనది అక్కగారు పాపాయమ్మ గొంతు. ఆ చుట్టుపట్ల పెళ్ళికూతురికి నలుగు పెట్టాలంటే పాపాయమ్మ పాట ఉండాల్సిందే. అవి ఎక్కడా రాసి ఉన్న పాటలు కావు. ఆవిడ పోయేముందు ఏడాది తమ్ముడే ఎదుట కూర్చోబెట్టి, మైకు పెట్టి, అన్నీ పట్టి ఉంచారు.

ఈ ఏడాది దసరాకు ముందు, పాత విండోస్‌కు ఇక రక్షణలు రావని తెర మీద హెచ్చరికలు మొదలయ్యాయి. కొత్తది ఎక్కించుకునే సత్తా ఆ కంప్యూటరుకు లేదు.

"తూకానికి ఇచ్చేయండి బాబాయ్ గారూ," అన్నాడు అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడు.

"తూకానికా? నా ఆయిలింజను ఇవాళ్టికీ నీళ్ళు తోడుతోందయ్యా!" అని కుమారస్వామి గారు బండి ఎక్కేశారు.

వీడియోలు చూసి, విండోస్ బదులు పాత కంప్యూటర్లలోనూ నడిచే లినక్స్ సంగతి తెలుసుకున్నారు. డబ్బు కట్టక్కర్లేదన్న మాట కన్నా, కావాలంటే లోపల ఏముందో విప్పి చూసుకోవచ్చన్న మాట ఆయనకు నచ్చింది. మూత తెరవనివ్వని ఇంజనును ఆయన ఏనాడూ నమ్మలేదు. పాటలన్నీ ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఒకటి రెండు విని చూసి, భార్య విజయదుర్గ చేతికిచ్చి దేవుడి గదిలో భద్రం చేయించారు.

కార్తీకంలో పాపాయమ్మ మనవరాలు శ్రీవాణి పెళ్ళి కుదిరింది. నలుగు తల్లి మేనమామ కుమారస్వామి గారింటి అరుగు మీదే. అమ్మమ్మ పాట కొత్త లినక్సులో వినిపిస్తానని ఆయన ఊరంతా చెప్పుకున్నారు.

నలుగు ముందురోజు మధ్యాహ్నం లినక్స్ ఎక్కించడానికి కూర్చున్నారు. డిస్కులో ఉన్నదంతా చెరిపేయమంటారా అని తెర అడిగింది. వేలు ఒక్క క్షణం ఆగింది. దేవుడి గది వైపు చూసి, నొక్కేశారు. చీకటి పడకముందే కొత్త తెర తెలుగులో పలకరించింది.

"ఒకసారి అమ్మ పాట పెట్టి చూడకూడదా మావయ్యా?" అంది పాపాయమ్మ కూతురు సత్యదుర్గ.

"రేపు పదిమంది ముందూ పెడతానమ్మా. కుమారస్వామి చేసిన పని రెండోసారి చూసుకోడు."

మర్నాడు పెళ్ళికూతురు పీట మీద కూర్చుంది. నూనె గిన్నె, సున్నిపిండి సిద్ధం. ఆయన పెన్‌డ్రైవు పెట్టారు. తెర మీద ఏమీ కదల్లేదు. తీసి మళ్ళీ పెట్టారు. రెండో రంధ్రంలో పెట్టారు. ఏమీ లేదు.

"ఊరికే వచ్చింది ఊరికే పోద్దంటే ఇదే కాబోలండీ అన్నయ్యగారూ," అంది పక్కింటి సుందరి. ఎవరో కిసుక్కుమన్నారు.

సత్యదుర్గ మాత్రం నవ్వలేదు. దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది. "అమ్మ గొంతు పోయిందా మావయ్యా?"

ఆయన పెన్‌డ్రైవు లాగి చేతిలోకి తీసుకున్నారు. కంప్యూటరులో తుడిచేశారు. మిగిలింది ఈ వేలెడు ముక్క. కళ్ళజోడు సర్దుకుని దాని మూతిలోకి చూశారు. లోపల రేకుల మీద ఎర్రగా, పచ్చగా ఏదో గట్టిగా పట్టేసి ఉంది.

"పసుపూ కుంకుమా! దీనికెవరు పెట్టేరు?"

"నేనేనండీ," అంది విజయదుర్గ. "దసరా నవమినాడు కత్తిపీటకీ కుట్టుమిషనుకీ పెట్టేను కదండీ. దీన్ని వదిలేస్తుంటే, 'ఇందులో అక్క ఉందే, బాగా తడిపి పెట్టు' అన్నది మీరు కాదా?"

ఆయన పంచె అంచుతో గీకబోయారు.

"ఆగండి! అలా గీకితే రేకు విరిగిపోద్ది. ఇలా ఇవ్వండి," అని విజయదుర్గ లాక్కుంది. కార్తీక వత్తుల కోసం విడదీసి ఉంచిన దూది తెచ్చింది. చీపురులోంచి సన్నని కొబ్బరి ఈనె లాగి, దాని కొసకు దూది చుట్టి, ఆయన షుగరు సూదికి వాడే స్పిరిట్లో ముంచింది. మొదటి ఈనె ఎర్రగా వచ్చింది, రెండోది పచ్చగా. శ్రీవాణి పీట మీంచి లేవబోతే ఎవరో భుజం పట్టి కూర్చోబెట్టారు. ఇంకో ఈనె, ఇంకోటి. చివరిది తెల్లగానే వచ్చింది. ఆవిడ విసనకర్రతో ఆరేదాకా విసిరింది.

"పెట్టండి."

"నువ్వే పెట్టు," అన్నారాయన. ఎదురుగా నిలబడలేక వెనక్కి జరిగారు.

ఆవిడ పెట్టింది. తెర మూల చిన్న గుర్తు వెలిగింది. సత్యదుర్గ వెళ్ళి మొదటి పాట నొక్కింది. గరగరమన్న చప్పుడు, ఒక దగ్గు, ఆ వెంటనే పాపాయమ్మ గొంతు. "ఒరే తమ్ముడూ, పడతందా?"

"ఆయ్, పడతందక్కా," అన్నారు కుమారస్వామి గారు పైకే. అదే మాట అదే గొంతుతో పెట్టెలోంచీ వచ్చింది.

ఆ వెంటే పాపాయమ్మ నలుగు పాట ఎత్తుకుంది. సత్యదుర్గ కళ్ళు తుడుచుకుని, నూనెలో చెయ్యి ముంచి, కూతురి మాడు మీద పెట్టింది.