అమ్మ వక్కల సంచిలో బిళ్ల

తాళం చెవులు దొరక్క పొద్దున్నే ఇల్లు పీకి పందిరేయడం మా అన్నకు అలవాటు. ఆ బాధ పడలేక బ్లూటూత్ ట్రాకర్లు తెప్పించాడు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా ఉంటాయి. ఫోన్‌లో నొక్కితే కుయ్ కుయ్‌మంటాయి. దూరంగా ఉన్నా, చుట్టుపక్కల వాళ్ల ఫోన్ల ఆసరాతో ఎక్కడున్నాయో మ్యాపులో చూపిస్తాయి. బండి తాళాలకొకటి, బీరువా తాళాలకొకటి తగిలించి, మిగిలినదాన్ని అమ్మ నడుముకు దోపుకునే వక్కల సంచిలో వేశాడు.

ఆ నడుము సంచే అమ్మకు లోకం. దాన్ని ఎక్కడో పెట్టి మరిచిపోయి, కోడలే దాచిందని యాగీ చేసేది. బిళ్ల వేశాక ఆ గోల తగ్గింది గానీ, సంచి కూసినప్పుడల్లా ఉలిక్కిపడేది.

"ఏందిర ఇది? నా నడుముల కీచురాయిని పెట్టినవ్!" అని అన్నను తిట్టేది. మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

అమ్మ పోయింది. కబురు తెలిసి వనపర్తి నుంచి గోపాల్‌పేట పక్కనున్న మా ఊరికి నేను చేరేసరికి స్నానం చేయిస్తున్నారు. ఆ పని చేస్తున్న ముసలివాళ్లు అమ్మ చీర, రవికె, దుప్పటి, నడుము సంచి అన్నీ తీసి వాకిట్లో పడేశారు. చావు మైల కదా, ఇంట్లోవాళ్లు ముట్టరు. సంచి పక్కకు దొర్లితే వదిన కట్టెతో కుప్పలోకి నెట్టింది. లోపల ఏముందో చూద్దామని ఎవరికీ తోచలేదు. మా ఊళ్లో ఆ బట్టలు చాకలామెకు పోతాయి, ఉతుక్కుని ఆమే వాడుకుంటుంది. ఆమె వచ్చి అన్నీ మూట కట్టుకుంది.

"దినాలయ్యేదాంక ఆ మూట విప్పకు. మా ఇంటికి మంచిది కాదు," అని వదిన వెనక నుంచి కేకేసింది.

దినాల మర్నాడు బీరువా తెరిస్తే అమ్మ మెడలో వేసుకునే బంగారు గుండ్ల పేరు లేదు. వదిన గుండెలు బాదుకుంది. అత్త పోయిన రోజున కూడా అంత ఏడవలేదు మహాతల్లి! గుండ్ల పేరు తాడు తెగిందని అమ్మ అంటూ ఉండేది. దాన్ని నడుము సంచిలోనే వేసుకుని ఉంటుందని అన్నకు అప్పుడు తట్టింది. ఫోన్ తీసి చూశాడు. మ్యాపులో చుక్క చాకలామె ఇంటి మీద ఉంది.

"దొరికింది దొంగముండ!" అన్నాడు.

"మనమే గదనే ఇచ్చింది?" అన్నాను. ఎవరు వింటారు?

నాలుగడుగుల దూరానికి వదిననూ నన్నూ ఎక్కించుకుని కారు తీశాడు. ఆమె గడప ముందు నిలబడి ఫోన్ పైకెత్తి వీధంతా వినేలా అరిచాడు. "ఏమే! మా అమ్మ బంగారం ఏడ పెట్టినవే? ఫోన్ల కనబడుతుంది, అబద్ధాలాడకు!"

ఆమె మా అమ్మ ఈడుది. మా ఇద్దరి పురిటి గుడ్డలు ఉతికిన మనిషి. ఆమెను పట్టుకుని ఏమే, గీమే అంటుంటే ఛీ, వీడు నా తోడబుట్టినవాడా అనిపించింది.

జనం మూగారు. ఆమె గడప దాటి బయటికొచ్చింది. "నాకేం తెల్వదు పటేలా. ఊరి బట్టలు తెచ్చుకొని బతికేదాన్ని. దొంగ అంటే రేపు నాకెవరన్న బట్టలేస్తరా?"

అన్న ఫోన్ నొక్కాడు. వాకిట్లో ఓ మూల ఉన్న మూటలోంచి కుయ్ కుయ్‌మని మోత.

"ఇన్నరా!" అని జనం వైపు తిరిగాడు. మూటకు ఆనాడు వేసిన ముడి వేసినట్టే ఉంది. మీద దుమ్ము కూడా పట్టింది. "విప్పవే," అన్నాడు.

"విప్పొద్దని మీ ఇంటామెనే చెప్పె. నువ్వే విప్పుకో. మీ అమ్మ బట్టలే గద."

అన్న వెనక్కి జరిగాడు. వదిన ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. థూ, ఏం మనుషులు! నేనే విప్పాను. సంచిలో వక్కలు, తంబాకు, బిళ్ల, తెగిన గుండ్ల పేరు. వదిన గబుక్కున వచ్చి గుండ్లన్నీ కొంగులో పోయించుకుని ముడేసుకుంది. బిళ్లను అన్న జేబులో వేసుకున్నాడు.

"సరె, దొరికినయ్ పో," అని కారు తలుపు తెరిచాడు.

చాకలామె అడ్డం వచ్చింది. "గట్ల పోతవేంది పటేలా? దొంగ అని ఎంత గట్టిగ అరిచినవో, కాదని గంత గట్టిగనే చెప్పి పో."

"ఏ, జరుగు! దొరికింది గదా, ఇంకేంది పరేషాన్?"

ఆమె మూట తెచ్చి డ్రైవర్ సీట్లో కుమ్మరించింది. "మీ అమ్మ బట్టలు మీరే ఉతుక్కోండ్రి. మీ ఇంటి మైల నేనింక మొయ్య."

అన్న నిప్పు తొక్కినట్టు ఎగిరాడు. "కారంత మైలాయె! తియ్ చెల్లె, జర తియ్!"

"వదిన కొంగుల గుండ్లు గూడ గదే సంచిలయి గదా. అవి గూడ పారేద్దమా?" అన్నాను.

"పిచ్చిదానా, బంగారానికి మైలేంది?" అన్నాడు, తడుముకోకుండా.

అమ్మ బట్టలు రెండు చేతుల్లోకి తీసుకుని జనం వైపు తిరిగాను. "ఈమె ఏం దియ్యలేదు. మేమే ఇచ్చి, మేమే దొంగ అన్నం," అని గొంతు చించుకుని చెప్పాను.

అప్పుడు మా అన్న సిగ్గుతో తల దించుకున్నాడు. ఆమెను దొంగ అన్నందుకు కాదు, నలుగురిలో నేను ఆ సంగతి చెప్పినందుకు.