చైన్ లేని చక్రం

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. మా ఇంట్లో అందరూ పడుకున్నాక తిరిగే ఆకారం ఒక్కటే, ఫ్రిజ్ దాకా వెళ్లి వచ్చే నేను. ఇది రాస్తున్నది దెయ్యం ఉందని చెప్పడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలని.

మేముండేది అమెరికాలో, కమ్మింగ్ అనే ఊళ్లో. మా అమ్మాయి మానస హైస్కూల్ రోబోటిక్స్ టీమ్‌లో ఉండేది. పనికి చోటు కావాలంటే మా గరాజ్ ఇచ్చాం. నేను పేరుకి మెకానికల్ ఇంజినీర్‌ని. పట్టా పుచ్చుకున్నాక పట్టుకున్న యంత్రం మాత్రం కంప్యూటర్ మౌస్ ఒక్కటే. అందుకే నాకప్పగించిన శాఖ పిజ్జాలు తేవడం.

ఆ రోబోకి నాలుగు చక్రాలు. ఒక్కొక్కటీ విడిగా ఎటు కావాలంటే అటు తిరుగుతుంది కాబట్టి, రోబో ఒళ్లు తిప్పకుండానే పక్కకి నడుస్తుంది. తిప్పే మోటారుకీ చక్రానికీ మధ్య ఒక చైన్. అది వదులైతే పళ్ల మీంచి జారి చక్రం దిక్కు తప్పుతుంది. నా వయసులో పళ్లు జారడం మామూలే గానీ రోబోకి పనికిరాదు. చైన్‌ని పక్కనుంచి నొక్కి బిగువుగా ఉంచే చిన్న భాగం, టెన్షనర్, మానసే డిజైన్ చేసి బిగించింది. అది నిలబడితే తనకి డ్రైవ్‌ట్రెయిన్ లీడ్, అంటే చక్రాల విభాగం నాయకత్వం, ఇస్తామన్నారు.

మూడు చక్రాలు చెప్పినట్టు విన్నాయి. ముందు ఎడమది వినలేదు. రోజూ నాలుగింటికీ అల్యూమినియం బద్ద ఆనించి తిన్నగా పెట్టి వెళ్లేవాళ్లు. మర్నాటికి అదొక్కటీ గోడవైపు తిరిగి ఉండేది. ప్రతిసారీ అంతే వంపు.

టీమ్ మెంటర్ రఘు గారు కార్ల విడిభాగాల కంపెనీలో పని చేస్తారు. మంచి మనిషే. "టెన్షనర్ పట్టట్లేదమ్మా, చైన్ స్కిప్ అవుతోంది. డిజైన్ మార్చేద్దాం," అన్నారు.

"స్కిప్ అయితే చైన్ మీదా పంటి మీదా నేను పెట్టిన పెయింట్ మార్క్ మూవ్ అవ్వాలి కదా అంకుల్? అవ్వలేదు, చూడండి," అంది మానస, బొటనవేలితో చైన్ నొక్కి చూపిస్తూ. ఆయన నవ్వేసి పక్క చక్రం దగ్గరికి వెళ్లారు.

ఒక శనివారం మధ్యాహ్నం ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. మానస ఆ చక్రానికున్న చైన్ మొత్తం విప్పేసి బల్ల మీద పెట్టింది. బ్యాటరీ తీసి చార్జర్‌కి పెట్టాం. చక్రాన్ని తిన్నగా ఉంచి, దాని చట్రం నుంచి రోబో ఫ్రేమ్ దాకా నీలం టేప్ అంటించాం. నేల వాలు ఉందేమోనని నేనొక గోళీ పెట్టి చూశాను. దొర్లలేదు. తలుపు మూసి, లోపలికెళ్లి పప్పన్నం తిన్నాం.

తిరిగొచ్చేసరికి చక్రం గోడవైపు ఉంది. అది తిరగాలంటే టేప్ చిరగాలి, లేదా ఊడాలి. రెండూ జరగలేదు. ముడత కూడా పడలేదు. రెండు కొసలూ అంటించిన చోటే ఉన్నాయి.

నేను రెండడుగులు వెనక్కి వేశాను. మానస మొహం మాత్రం వెలిగిపోయింది. "డాడీ, నువ్వు చూశావ్ కదా? ఇట్స్ నాట్ మై చైన్!"

సాక్షిని కదా అని తర్వాతి మీటింగ్‌లో నేనే చెప్పాను. పిల్లలు ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వారు. "ఘోస్ట్ డ్రైవ్!" అన్నారెవరో. రఘు గారు నా భుజం తట్టి, "కూతురి మీద ప్రేమ ఉండొచ్చు సార్, మరీ ఇంతనా?" అన్నారు. లీడ్ ఇంకొకరికిచ్చారు. కొన్నాళ్లకే మానస టీమ్ మానేసింది.

కొత్తవి చేసే టైమ్ లేక మానస టెన్షనర్లతోనే పోటీకి వెళ్లారు. తను మానేశాక ఆ చక్రం ఒక్కసారి కూడా పక్కకి తిరగలేదు. అదే చైన్, అదే గరాజ్, అదే గోడ. డ్రైవ్‌ట్రెయిన్‌కి బహుమతి కూడా వచ్చింది. కప్పు మధ్యలో పెట్టుకుని అందరూ ఫొటో దిగారు.

పిజ్జాలు తేవడానికి పోటీకి వెళ్లిన నేను ఇంటికొచ్చి మానసకి ఆ సంగతి చెప్పాను. "ఫ్రంట్ లెఫ్ట్ కూడా ఓకేనా?" అని అడిగింది మానస. ఓకే అన్నాను.

"దెన్ ఇట్ వాజ్ మీ, డాడీ," అంది.

కాదని ఎలా చెప్పను? ఆ చక్రం ఎందుకు తిరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తను వెళ్లగానే ఎందుకు ఆగిందో అంతకన్నా తెలియదు. నాకు జవాబు దొరకని ఆ రెండో ప్రశ్నకి మా అమ్మాయి తనే ఒక జవాబు చెప్పేసుకుంది.