నేను మస్కట్‌లో ఉండగా నిండిన చెరువు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో నీళ్లు లేని కాలంలో నేను పెరిగాను. మాది చేపలు పట్టే కుటుంబం. పేరుకు అంతే, పట్టడానికి చెరువులో ఏమీ ఉండేది కాదు. వానలు బాగా పడిన ఏడు చెరువు అడుగున శికంలో నడుముల్లోతు నీళ్లు నిలిచేవి. ఎండాకాలం వచ్చేసరికి అదీ పోయి, పశువులు చెరువు మధ్య నుంచి నడిచి అవతలికి పోయేవి.

అలాంటి ఒక నడుముల్లోతు ఏడాదిలో మా అన్న నాకు విసురువల వేయడం నేర్పాలని చూశాడు. నాకంటే చాలా పెద్దవాడు. నాన్న పోయాక నన్ను చదివించింది, పెళ్లి చేసింది అన్నే. వల అంచును పళ్ల మధ్య పట్టుకొని, కొంత మోచేతి మీద వేసుకొని, నడుము తిప్పి వదిలేవాడు. అది గాలిలోనే గుండ్రంగా విచ్చుకొని నీళ్ల మీద వాలేది. నేను వదిలితే పిండిన చీరలా ఒక్కచోట పడేది. అన్న పగలబడి నవ్వేవాడు. ఆయన్ను చూసి నేనూ నవ్వేవాణ్ని. మా నవ్వులకు ఉన్న నాలుగు పరక చేపలూ పారిపోయేవి.

పెద్దయ్యాక ఇద్దరం వేరే పనుల్లో పడ్డాం. మా చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లు అవుతున్న రోజులవి. అన్న ఒక వెంచర్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. నేను ఒక రియల్ ఎస్టేట్ ఆఫీసులో డ్రైవర్‌ని. ఆదివారం వస్తే చాలు, ఎల్బీ నగర్‌లో జనాన్ని ఎక్కించుకొని కొంగరకలాన్, రావిర్యాల, కందుకూరు వైపు తిప్పేవాణ్ని. రంగు వేసిన హద్దురాళ్ల మధ్య నిలబడి వాళ్లు ఫొటోలు దిగేవారు. ఇంతకు ముందు ఇక్కడేముండేదని ఎవరైనా అడిగితే జొన్నలు వేసేవాళ్లని చెప్పేవాణ్ని. తర్వాత ఆ ఆఫీసు భాగస్తులు కొట్లాడుకొని విడిపోయారు. నా బండినీ అమ్మేశారు. చాలా రోజులు ఖాళీగా తిరిగాను. మస్కట్‌లో డ్రైవర్లు కావాలట అని నా భార్య తరఫు బంధువు ఒకాయన చెప్పగానే ఊ అన్నాను.

అన్నకు ఇష్టం లేదు.

"ఇన్ని బండ్లు తిరుగుతున్నయ్ ఈడ. నీకొక్కనికే పని దొరకదా?" అన్నాడు.

"రెండేండ్లే గదనే. మల్ల వస్త."

"మరి చెరువు నిండితే?"

నాకు నవ్వొచ్చింది. "నిండినప్పుడు పిలువు. ఉరికొస్త."

మస్కట్‌లో నేను బండి నడపలేదు. అక్కడి లైసెన్సు పరీక్షలో మళ్లీ మళ్లీ తప్పాను. మనవైపు ఎడమ పక్కన నడిపినవాడికి కుడి పక్కన నడపడం నేర్చుకోలేనంత కష్టమేమీ కాదు. కానీ పరీక్ష పెట్టే పోలీసు పక్కన కూర్చోగానే బండిని ఎడమకే లాగేవాణ్ని. తీసుకెళ్లినవాళ్లు ఇక లాభం లేదనుకొని నన్ను క్యాంపులో కూర్చోబెట్టారు. ఒకరోజు చేపల మార్కెట్ కాంట్రాక్టు పట్టిన మలయాళీ ఒకాయన మనుషుల కోసం వచ్చాడు. చేప కోయడం ఎవరికి వచ్చని హిందీలో అడిగాడు. ఆలోచించకుండానే చెయ్యెత్తాను. చేపలు దొరకని ఊరి నుంచి పారిపోయి వచ్చి, చేపల మధ్యే పడ్డాను.

ఆ సముద్రపు చేపలు చూసి మొదట బెదిరిపోయాను. ట్యూనాను ఇద్దరు మోసుకొచ్చి బల్ల మీద వేసేవారు. పిల్లవాడంత ఉండేది. ఆ మలయాళీయే కత్తి ఎక్కడ పెట్టాలో, ముల్లు పక్కనుంచి ఎలా జార్చాలో నేర్పించాడు. కొన్నాళ్లకు మాటలాడుతూనే కోయగలిగేవాణ్ని. కొనడానికి వచ్చిన ఒమానీ ముసలివాళ్లు నా బల్ల దగ్గరే నిలబడేవారు. రెండేళ్లు అయిపోయాయి. ఇల్లు మొదలుపెట్టాం, స్లాబ్ దాకా ఉండాలి అనుకున్నాను. స్లాబ్ అయ్యాక బిడ్డ చదువు అనుకున్నాను. సెలవు మీద వచ్చినప్పుడల్లా అన్న నన్ను కట్ట మీదికి తీసుకుపోయి ఎండిన చెరువు చూపించేవాడు. "చూడు, గట్లనే ఉంది," అనేవాడు. నేను పోయినందుకు నన్ను వెనకేసుకొస్తున్నట్టు ఉండేది ఆ మాట.

తర్వాత వానలు పట్టుకున్నాయి. వరసగా వానలు. కాలువలు పారి, చెరువులోకి నీళ్లు చేరుతున్నాయని ఫోన్లో వింటూనే ఉన్నాను. ఒకరోజు పొద్దున నేను బల్ల దగ్గరుండగా అన్న వీడియో కాల్ చేశాడు. చేతినిండా పొలుసు. మోచేత్తో ఫోన్ నొక్కి బల్ల మీద నిలబెట్టాను. ముందు ఏమీ అర్థం కాలేదు. హోరు, జనం అరుపులు, తెల్లటి నీళ్లు.

"తమ్మీ! అలుగు దుంకుతుందిరా! కనవడుతుందా?" అన్న కేకలు పెడుతున్నాడు. పైజామా మోకాళ్ల దాకా తడిసి ఉంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "రా తమ్మీ. ఇద్దరం దిగుదాం. కొర్రమట్టలు ఎదురెక్కుతున్నయ్, చేతులతోని పడుతున్నరు."

పక్క బల్లల వాళ్లు కూడా వచ్చి చూశారు. ఒక బంగ్లాదేశీ, ఇది మీ నదా అని అడిగాడు. మా చెరువు అని చెప్పాను. అంత గర్వంగా నేనక్కడ ఇంకే మాటా చెప్పలేదు.

ఆ రోజే సెలవు అడిగాను. యజమాని, సీజన్ అయ్యాక పొమ్మన్నాడు. గట్టిగా అడిగి ఉంటే ఇచ్చేవాడేమో. సాయంత్రం నా భార్యకు చెప్పాను.

"ఇప్పుడొచ్చి ఏం జేస్తవ్? బిడ్డ ఇంటర్ల ఉంది. ఇంకో ఏడాది ఓర్చుకో. చెరువు యాడికి వోతది?" అంది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. చెరువు ఎక్కడికీ పోలేదు కూడా. మరుసటి ఏడూ నీళ్లు నిండుగానే ఉన్నాయి. అన్న వాచ్‌మన్ పని మానేశాడు. థర్మాకోల్ ముక్కలు కట్టి తెప్ప చేసుకున్నాడు. మా వీధిలోనే ఉండే ఇంకొకాయన్ను జోడీగా పెట్టుకొని రోజూ దిగేవాడు. ఫోన్ చేసి, పట్టిన బొచ్చె చేపలు చూపించేవాడు. పెట్టేముందు ప్రతిసారీ, "ఎప్పుడొస్తున్నవ్?" అనేవాడు. నేను ప్రతిసారీ, "వస్తున్న అన్నా," అనేవాణ్ని. కొన్నాళ్లకు అడగడం మానేశాడు. అప్పుడు నాకు హాయిగా అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే అదే ఎక్కువ బాధ.

ఒక మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. ఆమె ఎప్పుడూ చేయదు. "మీ అన్న వల ఇసరబోయి తెప్ప మీదనే కూలవడ్డడు. జోడీ ఆయన ఒడ్డుకు దెచ్చిండు. దవాఖానల ఉన్నం. కుడి చెయ్యి లేస్తలేదు."

ఈసారి యజమాని అడగ్గానే సెలవిచ్చాడు. వచ్చేశాను.

నేను చేరేసరికి అన్నను ఇంటికి తెచ్చారు. మంచం మీద కూర్చోబెట్టి ఉన్నారు. మూతి ఒక పక్కకు పోయింది. నన్ను చూసి ఎడమ చేయి ఎత్తాడు. మాట ముద్దగా వస్తోంది. దగ్గర కూర్చుంటే మెల్లగా అర్థమైంది.

"చెరువు చూసినవా?"

"లేదన్నా. సీదా ఈడికే వచ్చిన."

"చూసిరా పో. మస్తుంది."

పోయి చూశాను. కట్ట పొడుగునా నీళ్లే. చిన్నప్పుడు మేం నవ్వులాడిన చోటు ఎక్కడో లోపల మునిగిపోయింది. ఎంత వెతికినా గుర్తుపట్టలేకపోయాను. ఇంటికొచ్చాక అన్నను అడిగాను, జోడీ ఆయనతో పని ఎట్లుండేదని.

"మంచోడే. పని వచ్చు," అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకొని, "కాని నవ్వడు," అన్నాడు.

నేను లేచి బయటికి వెళ్లిపోయాను.

మళ్లీ మస్కట్ పోలేదు. జోడీ ఆయనతో తెప్ప మీద దిగి చూశాను. నా వల చిన్నప్పటిలాగే పడింది. ఆయన నవ్వలేదు. అన్నను అడిగితే చెప్పబోయాడు. మాటల్లో కుదరలేదు. ఎడమ చేత్తో చూపించబోయి, మధ్యలో ఆపేసి, "ఇడిసిపెట్టు తమ్మీ. అది చేతికి తెలుసు, నాకు తెల్వదు," అన్నాడు.

ఇప్పుడు సాగర్ రోడ్డు పక్కన బల్ల వేసుకొని జోడీ ఆయన పట్టిన చేపలు కోసి అమ్ముతున్నాను. కార్లు ఆపి కొనేవాళ్లలో కొందరు అప్పటి ప్లాట్లలో ఇళ్లు కట్టుకున్నవాళ్లే. నేను ముల్లు తీసే తీరు చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడుగుతారు. మస్కట్‌లో అంటే, మరి ఎందుకొచ్చావంటారు. కొన్నిసార్లు అన్నను పక్కన కుర్చీలో కూర్చోబెడతాను. ఆ ప్రశ్న వినబడితే ఆయన రోడ్డు వైపు తిరుగుతాడు. నేను తర్వాతి చేప అందుకుంటాను.