ఉడుము మీది గోమార్లు

పశువు ఒంటి మీద నెత్తురు తాగే గోమారి పురుగు కనిపిస్తే రైతు చెయ్యి ఊరుకుంటుందా? పైడయ్య చెయ్యీ ఊరుకోలేదు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ఈసారి గోమార్లు పట్టింది ఎద్దుకి కాదు, ఉడుముకి.

ఉక్కు కర్మాగారం కింద పొలం పోయాక, పైడయ్య గిత్తను అమ్మేసి దువ్వాడ దగ్గర ఒక కాలేజీ జంతుశాస్త్రం గదిలో రోజుకూలీ అటెండరుగా చేరాడు. ఎనభై రెండులో, ఇంకో నెలలో పర్మనెంటు చేస్తామన్నప్పుడే, లెక్చరరు గురునాథరావు ఆ ఉడుమును తెచ్చి బోనులో పెట్టాడు. దాని చంకల్లో, పొలుసుల సందుల్లో ఆ రోజే పట్టించిన గోమార్లు. అవి పశువుల్ని పట్టే జాతి కాదు, పాముల్నీ ఉడుముల్నీ పట్టేవి. ఆడ గోమారి కడుపునిండా నెత్తురు తాగి, దానంతటదే రాలి, మట్టిలో గుడ్లు పెట్టి చస్తుంది. ఎన్నో రోజున రాలుతుందో తెలుసుకోవాలని గురునాథరావు ఆరాటం.

ఇదంతా పైడయ్యకి ఎవరు చెప్పారు గనక? రోజుకో కోడిగుడ్డు వెయ్యమన్నారు, వేశాడు. తొమ్మిదో నాటికి గోమార్లు చిక్కుడు గింజలంత ఉబ్బాయి. పాపం, నోరులేని జీవి. పొద్దున్నే అన్నిటినీ పీకి కుంపట్లో పడేశాడు.

గురునాథరావు వచ్చి చూస్తే ఒక్కటీ లేదు.

"తొమ్మిదో రోజుకే రాలిపోయాయన్నమాట! చీమలు లాక్కుపోయుంటాయి," అంటూ సంబరంగా కలం తీశాడు.

నోరు మూసుకుంటే పైడయ్యకి ఉద్యోగం దక్కుతుంది. కానీ ఆ మాట పుస్తకంలోకెక్కితే రేపు పిల్లలు అదే నిజమని చదువుకుంటారు.

"రాయకండి బాబూ. నానే పీకీసినాను. సూడ్లేకపోనాను. మా గిత్తకి రోజూ పొద్దున్నే తీసీవోణ్ణి."

గురునాథరావు ముఖం కందగడ్డయింది. భూతద్దం పెట్టి చూపించాడు. తెగిన గోమార్ల నోళ్లు ఉడుము చర్మంలోనే ఉండిపోయాయి. పైడయ్య సిగ్గుతో చచ్చిపోయాడు.

"పీకినందుకు నిన్ను పంపించెయ్యాలయ్యా," అన్నాడాయన. "కానీ నిజం చెప్పేవాడు నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతాడు? ఇంకో ఉడుముకి గోమార్లు పట్టించి తెస్తాను. ఈసారి నువ్వే కాపలా."

పైడయ్యకి చదువు రాదు. గోడ మీద రోజుకో సుద్దగీత గీశాడు. చెయ్యి దురద పెట్టినప్పుడల్లా వెనక్కి కట్టుకున్నాడు. పద్నాలుగో గీత నాడు, ఉబ్బిన గోమారి ఒకటి దానంతటదే రాలి, మెల్లగా మట్టిలోకి పాకింది.

"రాయండి బాబూ!" అని కేకేశాడు. గురునాథరావు పరుగున వచ్చి రాసుకున్నాడు.

ఆ నెల పైడయ్య ఉద్యోగం పర్మనెంటయింది. కాగితం జేబులో పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే అతనికి గిత్త గుర్తొచ్చింది. దాని చెవుల సందుల్లో ఇప్పుడు గోమార్లు ఎవరు తీస్తున్నారో!