బస్సుల దేవకమ్మ

దేవకమ్మకు ఒకటే జబ్బు. మనిషి కంటబడితే చాలు, ఆ మనిషి తిరిగి పోవడానికి బస్సు ఎప్పుడుందో చెప్పేయాలి. చెప్పకపోతే ఆమెకు తిన్న కూడు అరగదు. బాగుండారా అని అడగదు, కూర్చోండి అనదు. వచ్చినవాడు ఇంకా గేటు గొళ్ళెం తీస్తూనే ఉంటాడు, ఆమె అరుగు మీది నుంచే మొదలుపెడుతుంది.

"యాడప్పా మీది? పాకాలా? ఇప్పుడు పొయ్యే బస్సులో అయితే సీటు దొరుకుతాది. దాని ఎనక బస్సుకు నిలబడే పోవాల, సూడు మల్ల!"

ఆమె మొగుడు బస్సు డ్రైవరు. ఆయన పోయి చాలా కాలమైంది గాని, ఆయన నడిపిన బస్సులు ఆమె నోట్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఒకసారి ఆ వీధిలో రామాయణం చెప్పడానికి చిత్తూరు నుంచి ఒక పండితుడు వచ్చాడు. ఆయన గొంతు సవరించుకుని శ్లోకం ఎత్తుకోబోతుంటే ముందు వరసలో ఉన్న దేవకమ్మ లేచి నిలబడింది. "సామీ, చిత్తూరుకు కడా బస్సు తొమ్మిదికి. అది పోతే తెల్లారేదాకా బస్టాండులో దోమలతో కాపరం" అంది. ఆ రోజు సీతమ్మ లంకలో ఒక్క పూట కూడా ఉండకుండా అయోధ్యకు చేరుకుంది. పండితుడికి బస్సు దొరికింది, వీధి జనానికి నిద్ర దొరికింది.

అలాంటి మనిషి ఇంట్లో పంకజాక్షి అద్దెకు దిగింది. ఖర్మ కాకపోతే తిరుపతిలో ఇళ్ళే లేవా!

పంకజాక్షి మొగుడు రాజారత్నానికి ఎరువుల కొట్లో లెక్కలు రాసే ఉద్యోగం వచ్చింది. కార్వేటినగరంలో ఉమ్మడి ఇల్లు వదిలి, ఒకటో తరగతిలో చేరాల్సిన సుభద్రను, చంకలో ఉన్న చిన్నబ్బను తీసుకుని తిరుపతి చివర కొత్తగా లేచిన వీధిలో దిగారు. రెండు గదులు, వెనక ఒక దొడ్డి, గోడకు అవతల దేవకమ్మ. ఊర్లో పొద్దున లేస్తే ఇంటిల్లిపాదికీ, కూలివాళ్ళకూ రాగి సంగటి కెలికి కెలికి పంకజాక్షి రెక్కలు పడిపోయాయి. తిరుపతిలో అయితే నలుగురమే కదా, బిడ్డకు కడుపునిండా పాలిచ్చి మధ్యాహ్నం ఒక కునుకు తీయొచ్చని ఆమె ఆశ. అంతకు మించి ఆమె ఆ ఏడుకొండలవాడిని ఏమీ కోరలేదు. ఆ ఒక్కటే ఆయన ఇవ్వలేదు.

ఎందుకంటే తిరుపతిలో కాపురం పెట్టినవాడికి చుట్టాలు లేకపోవడమనేది ఉండదు. పెళ్ళికి పిలిచినా రానివాళ్ళు, పిలవడం మరిచిపోయినవాళ్ళు, ఎవరో కూడా తెలియనివాళ్ళు, అందరూ మొక్కులు గుర్తు తెచ్చుకుని దిగారు. కొండకు పోయేటప్పుడు ఒక పూట, దిగి వచ్చాక రెండు పూటలు. పైగా రాజారత్నం మంచివాడు. అదే వచ్చిన తంటా! ఊరికి పోయిన ప్రతిసారీ కనబడిన ప్రతివాడి భుజం మీదా చెయ్యి వేసి, "మన ఇల్లుండంగా సత్రమెందుకప్పా? నేరుగా ఇంటికొచ్చేయండి" అని చెప్పి వచ్చేవాడు. వండేది ఆయన కాదు కదా.

ఆ ఇంట్లోకి ఎప్పుడు తొంగి చూసినా గుండ్లే. గుండ్ల మీద గంధం. ఒకరోజు సుభద్ర పలక మీద బొమ్మలు వేస్తే బడి పంతులమ్మ అడిగింది: "ఏమే, నీ బొమ్మల్లో ఒక్కరికీ వెంట్రుకలు లేవేం?"

"మనుషులకు వెంట్రుకలుండవు టీచర్. మా అమ్మకొక్కదానికే ఉండాయి" అంది సుభద్ర.

మొదట్లో దేవకమ్మ బస్సు కబుర్లకు చుట్టాలు నవ్వేవాళ్ళు. అలవాటు పడిన నోరులే అనుకుని లోపలికి వచ్చి కాళ్ళు చాపేవాళ్ళు. పంకజాక్షి వండేది. అందరికీ వడ్డించేది. చివరికి కుండలో అడుగంటింది గీరుకుని, మజ్జిగ నీళ్ళు పోసుకుని తాగేది. కొన్నాళ్ళకు ఆమెకు పాలు తగ్గిపోయాయి. చిన్నబ్బ ఏడుస్తాడు, రొమ్ము పట్టుకుంటాడు, వదిలేస్తాడు, మళ్ళీ ఏడుస్తాడు. బిడ్డ చేతులు పుల్లలైపోయాయి. ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ బిడ్డను పక్కన పెట్టి తల్లిని చూసింది.

"మందు బిడ్డకు కాదమ్మా, నీకు రాయాలి. నువ్వు తిని, నిద్రపోతేనే వాడికి పాలు. లేకపోతే ఈ బిడ్డ నీకు దక్కడం కష్టం."

పంకజాక్షి ఇంటికి వచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఏడవడానికి కూడా ఎక్కువ సేపు కుదరలేదు. పుత్తూరు నుంచి వచ్చినవాళ్ళకు కాఫీ కావాలి. వచ్చిన చుట్టాన్ని ఎప్పుడు పోతావని అడగడం ఆమె వంశంలో లేదు. అడిగితే పుట్టింటి పరువూ మెట్టినింటి పరువూ రెండూ ఒకేసారి గంగలో కలుస్తాయి. పాలు తగ్గిన సంగతి ఆమె మొగుడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే సిగ్గు.

సరిగ్గా ఆ రోజుల్లోనే దేవకమ్మకు జబ్బు ముదిరింది.

రాజారత్నం మేనమామ గురప్ప ఊరికి పెద్దమనిషి. ఆడామగా పిల్లాజెల్లా అందరినీ వెంటేసుకుని, కొండ దిగి నేరుగా ఇంటి ముందు నిలబడ్డాడు. "ఏమ్మా పంకజా, బాగుండావా?" అంటూ కాలు లోపల పెట్టబోయాడు.

"యాడప్పా మీది?" అంటూ దేవకమ్మ గేటుకు అడ్డం వచ్చింది.

"కార్వేటినగరం."

"అయితే ఈడ నిలబడి మాట్లాడతా ఉండావేంది? పుత్తూరు మీద పొయ్యే బస్సు ఇప్పుడే కదలతాది!"

"మేం రెండు దినాలు ఉండాలని వచ్చినామమ్మా."

"రెండు దినాలు ఉన్నా పొయ్యేది ఆ బస్సుకే గదా. ఈ పొద్దే పోతే ఒక పనైపోతాది."

పంకజాక్షికి భూమి చీలితే అందులోకి పోవాలనిపించింది. బిడ్డను చంకన వేసుకుని పరుగెత్తుకుని వచ్చింది. "మామా, ఆమె మాటలు పట్టించుకోవద్దండి. రాండి, చిటికెలో సంగటి కెలికేస్తా."

గురప్ప ఆమెను చూశాడు, బిడ్డను చూశాడు. అప్పటికే దేవకమ్మ ఆయన చేతిలోని సంచి లాక్కుని భుజానికి వేసుకుంది. "నడవండప్పా. కండక్టరు మావోడే. నేనొచ్చి సీట్లు పట్టిస్తా."

పరివారమంతా తలలు వంచుకుని ఆమె వెనక పోయింది. సాయంత్రం రాజారత్నం వచ్చి, "మా మామ యాడ?" అని అడిగాడు.

"బస్సులో" అంది పంకజాక్షి.

"బస్సులోనా!"

"తరిమింది సాలక బస్టాండు దాకా ఎంటబడి పోయింది ఆ మహాతల్లి. ఇంక మన మొకం ఊర్లో చూపించుకునేది ఎట్లయ్యా? ఇల్లు మార్చు. పశువుల కొట్టమైనా సరే, పోదాం పద."

ఇల్లు దొరకలేదు. దేవకమ్మ మారలేదు. చెయ్యేరు పక్క నుంచి వచ్చిన అత్తలను, పాకాల నుంచి వచ్చిన తోడల్లుడిని, ఒక్కొక్కరినే సంచి లాక్కుని బస్టాండుకు నడిపించింది. రాజారత్నం తెలివిమీరి చుట్టాలను సందులో నుంచి తెచ్చి, దొడ్డిగోడ ఎక్కించి లోపలికి దింపడం మొదలుపెట్టాడు. ఒకసారి గోడ మీద ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ వేసుకుని కూర్చున్న పెద్దాయనకు కింద నుంచి గొంతు వినిపించింది: "దిగేటప్పుడు అటు పక్కకే దిగు నాయనా, బస్సుకు దగ్గర."

అంతలో ఇంకో వింత మొదలైంది. ఊరి బస్సు కండక్టరు ఒక మూట తెచ్చి అరుగు మీద పెట్టాడు. "గురప్ప ఇమ్మన్నాడు" అన్నాడు, పోయాడు. మూట విప్పితే గుప్పుమని వెల్లుల్లి వాసన, అన్నీ తెల్లగడ్డలే. ఇంకేమీ లేదు, ఒక్క మాట లేదు. వారం తిరక్కుండా పాకాల తోడల్లుడు మెంతులు పంపాడు. అత్తలు మునగాకు పంపారు, దాంతోపాటు మళ్ళీ తెల్లగడ్డలు. దేవకమ్మ తరిమిన ప్రతి చుట్టమూ ఏదో ఒకటి పంపడమే.

"చూసినావా?" అని పంకజాక్షి గోడకు చేరగిలబడింది. "ఇన్నాళ్ళూ తిన్న కూటికి బదులు తీర్చేస్తా ఉండారు. నీకూ మాకూ ఇంక చెల్లు అని చెప్పడం ఇది."

"తెల్లగడ్డలతో ఎవురన్నా చుట్టరికం తెంచుకుంటారా పంకజా?"

"మనతో తెంచుకుంటా ఉండారు గదా!"

ఆమె ఆ మూటలను ముట్టుకోలేదు. అవి మూలన పేరుకుపోయాయి. ఇల్లంతా ఒకటే వాసన. బడిలో సుభద్ర పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. దేవకమ్మ మాత్రం రోజూ వచ్చి, "చారులో ఏసుకుంటివా పాపా?" అని అడిగేది. లేదంటే, "మూలన పెట్టి పూజ సేస్తావా?" అని గుప్పెడు తీసుకుపోయేది. మధ్యాహ్నానికి సుభద్ర చేత గిన్నెడు చారు పంపేది, మిరియాల ఘాటుకు ముక్కు పగిలేది. మన తెల్లగడ్డలు దోచుకుని మనకే చారు పంపుతుంది అని పంకజాక్షి తిట్టుకునేది. తిట్టుకుంటూనే అన్నంలో పోసుకునేది. ఇంటికి చుట్టాలు తగ్గారు కాబట్టి కుండలో అన్నం మిగులుతోంది.

ఒక శుక్రవారం కండక్టరు మూట బదులు మాట మోసుకొచ్చాడు. "ఆదివారం భారతమ్మ వస్తా ఉంది. ఆ బస్సులామెతో మాట్లాడల్లంట."

పంకజాక్షికి ఉన్న ప్రాణం కూడా పోయింది. భారతమ్మ ఆమె అత్త. కార్వేటినగరంలో ఆమె దగ్గితే పక్క వీధిలో ఎద్దులు లేచి నిలబడతాయి. ఇంక తనను, పిల్లలను మూటగట్టి ఊరికి తీసుకుపోతుంది. మళ్ళీ ఆ సంగటి కుండే. ఈ బిడ్డ అక్కడ బతుకుతాడా? ఆదివారం పొద్దున్నే కొండ వైపు తిరిగి దండం పెట్టింది: "స్వామీ, పుత్తూరు దగ్గర బస్సు చెడిపోయేట్టు చెయ్యి."

బస్సు చెడిపోలేదు. ముందుగానే వచ్చింది.

భారతమ్మ గేటు దగ్గర నిలబడింది. పంకజాక్షి తలుపు వెనక నక్కి కళ్ళు మూసుకుంది.

"యాడమ్మా మీది?" అంది దేవకమ్మ.

"నీకాడికే వచ్చినా. బస్సులామె నువ్వేనా?"

"నేనే."

ఇప్పుడు పిడుగు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని పంకజాక్షి ఎదురుచూసింది. ఏమీ పడలేదు. భారతమ్మ గొంతు తగ్గించి, "తెల్లగడ్డలు అయిపోయినాయా, ఇంకా ఉండాయా?" అని అడిగింది.

"యాడైపోతాయమ్మా, నీ కోడలు ముట్టుకుంటే గదా! నేనే దొంగిలించి చారు కాంచి పోస్తా ఉండా."

"పాలు పడతా ఉండాయా?"

"ఇప్పుడు మేలు. నాలుగు దినాలుగా బిడ్డ ఏడుపు ఇనపళ్ళేదు. కాళ్ళు గూడా ఆడిస్తా ఉండాడు."

పంకజాక్షి తలుపు తోసుకుని బయటికి వచ్చింది. పాలు పడాలని బాలింతకు తెల్లగడ్డలు పెడతారని తెలియని మనిషి కాదు ఆమె. తన కష్టం ఊర్లో ఎవరికి తెలుసులే అనుకుంది, అందుకే ఆ ఆలోచనే రాలేదు. "నీకెవురు చెప్పినారత్తా?"

"గురప్ప చెప్పినాడు. బస్టాండులో ఈమె వాని చేతులు పట్టుకొనిందంట. 'అప్పా, ఆ పాపకు పాలు ఎండిపోతా ఉండాయి, మీ అందరికీ పెట్టి అడుగంటింది తింటాది, వద్దని చెప్పేదానికి దానికి నోరు రాదు. మీరు నన్ను తిట్టుకోండి, దాన్ని మాత్రం ఏమనుకోవద్దండి. బిడ్డ నడిచేనాటికి రాండి, నా ఇంట్లోనే పడకేస్తా' అని చెప్పిందంట. ప్రతి ఒక్కురికీ ఇదే చెప్పిందంట."

దేవకమ్మ మొహం కందగడ్డ అయింది. "ఎవురికీ సెప్పద్దండి అంటి గదా! మీ గురప్పది నోరా, మైకుసెట్టా?"

"నాతో ఒక మాట చెప్పుండకూడదా పెద్దమ్మా?" అంది పంకజాక్షి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎన్ని తిట్లు తిట్టుకున్నాను నిన్ను!"

"గోడవతల బిడ్డ ఏడుపు ఇంటే నాకు తెలీదా? సెప్తే నువ్వు ఒప్పుకుంటావా? 'అయ్యో, వచ్చినోళ్ళను పొమ్మనకూడదు' అంటావు. నేనూ అట్లనుకునే ఊరందరికీ వండి పోసి, నా పెద్దబిడ్డకు గంజినీళ్ళు పట్టించినా. వాడిప్పుడు లారీ తోలతా ఉండాడులే. కానీ స్టీరింగు ఎనక మనిషుండాడా లేదా అని పోలీసోళ్ళు వంగి చూస్తారంట."

భారతమ్మ పకపకా నవ్వింది. చీర కొంగు దోపుకుని వంటింట్లోకి పోయింది. మూలనున్న మూట విప్పింది. దేవకమ్మ వెనకే పోయి, మిరియాలు ఎక్కువని ఒకరు, తక్కువని ఒకరు కాసేపు పొయ్యి దగ్గర యుద్ధం చేశారు. చివరికి పొగలు కక్కే అన్నం, తెల్లగడ్డ చారు తెచ్చి పంకజాక్షి ముందు పెట్టారు. అత్త వడ్డిస్తుంటే, ఇంట్లో ఎవరూ తినకముందు, వేడివేడిగా తినడం ఆమెకు పెళ్ళయ్యాక ఇదే మొదలు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఏడుపొచ్చింది.

"ఏడ్సుకుంటా తింటే ఉప్పెక్కువైతాది" అంది దేవకమ్మ.

అంతలో రాజారత్నం వచ్చాడు. తల్లిని చూసి బిక్కమొహం వేశాడు. పొయ్యి మీది వాసనకు ముక్కు ఎగబీల్చాడు. "అమ్మా, ఆకలేస్తా ఉంది. నాకూ పెట్టు."

"ముందు అది తినాల. అది తింటేనే గదా పిల్లోడి కడుపు నిండేది" అంది భారతమ్మ. "నువ్వట్ల వీధిలోకి పొయ్యి, ఎవురన్నా చుట్టాలు కనబడితే సత్రానికి దారి చూపించిరాపో. ఏమన్నా మిగిలితే పిలుస్తా."

పంకజాక్షి మొగుడి వైపు చూసింది. గిన్నె వైపు చూసింది. గిన్నె దగ్గరికి లాక్కుని, ఇంకొక గరిటెడు వేసుకుంది.

"మిగల్దులే అత్తా" అంది.