పచ్చచుక్క చెప్పని మాట

ఇనుప ప్లేట్లు కోసే ఆ వర్క్‌షాపులో ఆమెను అందరూ పచ్చచుక్క అంటారు. కంప్యూటర్లో ఆమె గీసిన గీత వెంటే మిషను ఇనుము కోస్తుంది. గీసేటప్పుడు బాణం గుర్తును ఏ గీత చివరికో, ఏ వృత్తం నడిమధ్యకో దగ్గరగా తెస్తే చాలు, టక్కున అక్కడికి అతుక్కుంటుంది. అతుక్కున్నట్టు ఒక పచ్చచుక్క వెలుగుతుంది. ఆ చుక్క కనపడనిదే ఆవిడ చెయ్యి ముందుకు కదలదు. పదకొండేళ్ళలో ఒక్క ప్లేటూ వెనక్కి రాలేదు. ఆ సంగతి ఆవిడా మర్చిపోదు, మనల్నీ మర్చిపోనివ్వదు.

చుక్క పక్కన, దేనికి అతుక్కుందో చెప్పే చిన్న అక్షరాలు కూడా వచ్చేవి. కళ్ళకు అడ్డమని మొదటి ఏడాదే వాటిని ఆపేసింది. "అది చెప్పాలా నాకు?" అంది. ఏమంటాం, చెయ్యి తిరిగిన మనిషి.

కూతురి బడిలో మూడో అంతస్తు వరండాకు కొత్త రెయిలింగు పెట్టారు. దాన్ని గోడకు పట్టి ఉంచే ప్లేట్లు ఆవిడే గీసింది. బిగించింది ఆవిడ మొగుడు, ఫిట్టరు. పెళ్ళాం గీసినదాన్ని ఆయన టేపు పెట్టి కొలవడు, అదో మర్యాద ఆ ఇంట్లో.

ఇవాళ మధ్యాహ్నం ఇంకో రెండు ప్లేట్లు కావాలంటే అదే బొమ్మ తెరిచింది. ఎందుకో బోల్టు బెజ్జానికీ అంచుకీ మధ్య దూరం చూసింది. ఇరవై మిల్లీమీటర్లు ఉండాలి. ఆరుంది.

మళ్ళీ కొలిచింది. ఆరే. బాణాన్ని బెజ్జం మీదికి తెస్తే పచ్చచుక్క నిక్షేపంగా వెలిగింది. అప్పుడు తట్టింది. అడుగున వేరే పని తాలూకు పాత బొమ్మ ఉంది, చిన్న ప్లేటుది. పనికొస్తుందని ఉంచి, కంటికి ఆననంత లేతగా చేసి మర్చిపోయింది. ఆనాడు గీసేటప్పుడు చుక్క దాని బెజ్జానికి అతుక్కుంది. అతుక్కున్న మాట నిజమే, దేనికన్నది చెప్పే నోరు తనే నొక్కేసింది.

ఆ కాస్త ఇనుము చీలడానికి పదిమంది ఒక్కసారిగా వాలితే చాలు. మొగుడికి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావ్?"

"బడి దగ్గరే, కింద సామాను సర్దుతున్నా. గొంతు అలా ఉందేం?"

"రెయిలింగు దగ్గరికి ఎవర్నీ రానివ్వకు. ప్లేట్లు తప్పు. నేనే తప్పు గీశా."

"నువ్వా?" నవ్వబోయి ఆగాడు. "ఇప్పుడే భోజనాల గంట కొట్టారు."

"చిన్నది ఎక్కడుంది?"

"పైనే. నన్ను చూసి చెయ్యి ఊపుతోంది."

"నువ్వు ఊపకు. ఊపితే ఇంకా వంగుతుంది. మెల్లగా పైకి వెళ్ళి దాన్ని వెనక్కి లాగు."

అవతల పిల్లల కేకలు ఒక్కసారిగా పెరిగాయి.

"ఊపేశానే," అన్నాడు. "మా నాన్న అని అందరికీ చూపిస్తోంది. క్లాసంతా వచ్చి వాలింది."